టేకు కుర్చీలోని శాస్త్రం

ఒక మనిషి బరువు 70 కిలోలనుకొందాం. అతడు వెనుకకు వాలి సుఖంగా కూర్చొనే కుర్చీకి 9 కిలోల కొయ్య చాలు. తనకు దాదాపు ఎనిమిది రెట్ల బరువును రోజూ మోస్తూ, మనిషి కూర్చొన్నపుడు, లేచినపుడు, కదిలినపుడు కలిగే కుదుపులన్నిటినీ తట్టుకొంటూ ఆ కుర్చీ 50 సంవత్సరాలు నిలవగలదు. అదే కొయ్యతో, అవే కొలతలతో చేసిన మరొక కుర్చీ రెండు వేసవులు గడిచేసరికి కిర్రుమని మూలగడం మొదలుపెట్టి, మూడవ ఏట అటకెక్కవచ్చు. ఈ రెండింటికీ గల భేదం ధరలో లేదు, నగిషీలో లేదు. కొయ్య స్వభావం తెలిసి చేయడంలోను, తెలియక చేయడంలోను ఉన్నది. ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రం ఆ స్వభావాన్ని తెలుసుకోవడానికి చాలావరకు సరిపోతుంది.

డెన్మార్కు పద్ధతి

తెలుగువారి ఇండ్లలో వాలి కూర్చోవడానికి చిరకాలంగా వాడుకలో ఉన్నది పడక కుర్చీ. కొయ్య చట్రాల మధ్య వేలాడదీసిన మందపాటి గుడ్డే దానికి ఆసనం, వీపు కూడా. మడిచి గోడకు ఆనించవచ్చు. అది దాని సుగుణం. గుడ్డ సాగి నడుము గుంటలోకి దిగిపోవడం, లేవడానికి కష్టపడవలసి రావడం దాని లోపాలు.

ఇరవయ్యవ శతాబ్దంలో డెన్మార్కు దేశపు వడ్రంగులు, రూపశిల్పులు కలిసి వాలు కుర్చీకి ఒక కొత్త రూపం కల్పించారు. సన్నని కొయ్య చట్రం, కొద్దిగా వెనుకకు వాలిన ఆసనం, తీసి దులుపుకొనేందుకు వీలైన రెండు మెత్తలు, చేతులు ఆనించుకొనే నునుపైన పట్టెలు: ఇవే దాని భాగాలు. చెక్కడపు పనులుగాని, బంగారు పూతలుగాని ఉండవు. 1924లో డెన్మార్కు రాయల్ లలితకళా అకాడమీలో గృహోపకరణాల శాఖలో బోధన ప్రారంభించిన కోరె క్లింట్ ఈ మార్గానికి ఆద్యుడు. మనిషి శరీరాన్ని కొలిచి, ఆ కొలతలనుబట్టే కుర్చీని నిర్ణయించాలని ఆయన బోధించాడు. 1927 మొదలు 1966 వరకు కోపెన్‌హేగన్ నగరపు వడ్రంగుల సంఘం ఏటేటా ప్రదర్శనలు జరిపింది. హాన్స్ వెగ్నర్, ఫిన్ యూల్ వంటి వారి కుర్చీలు ఆ ప్రదర్శనల ద్వారానే లోకానికి తెలిసినవి. వెగ్నర్ 1949లో రూపొందించిన కుర్చీలు 1960లో కెన్నెడీ, నిక్సన్‌ల టెలివిజన్ చర్చావేదికమీద కనిపించాయి.

ఇందులో విశేషమొకటి ఉన్నది. ఈ కుర్చీలలో చాలావాటికి వాడిన కొయ్య టేకు. డెన్మార్కు చలిదేశం, అక్కడ టేకు పెరగదు. ఆగ్నేయాసియా అడవులనుంచి ఓడలమీద తెప్పించుకొని ఆ దేశస్థులు కుర్చీలు చేశారు. గోదావరి కుడిగట్టున ఉన్న గోదావరిఖనివారికి ఆ ప్రయాస లేదు. నదికి ఆవలి ఒడ్డున మంచిర్యాల, ఆదిలాబాదు ప్రాంతాల ఆకురాల్చు అడవులలో టేకు సహజంగానే పెరుగుతుంది. అయితే అడవి దగ్గరగా ఉన్నదని చెట్టు నరకరాదు. అనుమతి లేకుండా టేకు కొట్టడం, తరలించడం చట్టరీత్యా నేరం. లైసెన్సుగల అడితిలో రసీదుతో కొనడం ఒక మార్గం. పాత ఇల్లు విప్పినపుడు వచ్చే దూలాలను, ద్వారబంధాలను కొనడం మరొకటి. కొన్ని దశాబ్దాలు ఇంటిలో ఉండి ఆరిన ఆ కొయ్య కుర్చీకి అన్నివిధాలా శ్రేష్ఠమైనది. కోసేముందు అందులో దాగిన మేకులను మాత్రం ఏరివేయాలి.

నారవెంట బలం

గోదావరిఖని విద్యార్థులకు కొయ్య బలాన్నిగురించి చెప్పడానికి గనికంటె మంచి ఉదాహరణ లేదు. భూగర్భ గనులలో పైకప్పు కూలకుండా వెనుక కొయ్య దుంగలను నిలబెట్టేవారు. తరువాత కాలంలో ఉక్కు స్తంభాలు, పైకప్పులోకి దించి బిగించే ఉక్కు కడ్డీలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. దుంగను ఎప్పుడూ నిలువుగానే, చెట్టు నిలిచిన తీరునే నిలిపేవారు. దాని తలకు, పైకప్పుకు నడుమ ఒక పలకను అడ్డంగా పెట్టి బిగించేవారు. పైకప్పు దిగడం మొదలైతే ముందు ఆ అడ్డపలక నలిగేది. ఆపైన దుంగ చిటపటమని శబ్దం చేసేది. అనుభవంగల పనివారు ఆ రెండు గుర్తులనూ హెచ్చరికలుగా గ్రహించేవారు.

దుంగా కొయ్యే, పలకా కొయ్యే. అయినా పలక ముందుగా నలగడానికి కారణం నార దిశ. కొయ్యను ఒక జొన్నచొప్ప మోపుగా ఊహించుకోవచ్చు. కణాలన్నీ సన్నని గొట్టాల రూపంలో చెట్టు పొడవునా నిలిచి ఉంటాయి. సెల్యులోజ్ పోగులు వాటి గోడలకు బలమిస్తే, లిగ్నిన్ అనే పదార్థం జిగురువలె వాటిని కలిపి ఉంచుతుంది. మోపును నిలువుగా నొక్కితే దంట్లు గట్టిగా ఎదురొడ్డుతాయి. అడ్డంగా నొక్కితే చదునవుతాయి. పక్కలకు లాగితే సులభంగా విడిపోతాయి. బాగా ఆరిన టేకు నారవెంట చదరపు సెంటీమీటరుకు 500 కిలోలకు పైగా బరువును ఓర్చుకొంటుంది. నారకు అడ్డంగా ఆ బలంలో అయిదవ వంతు కూడా ఉండదు.

ఈ లెక్కనుబట్టి 3.5 సెంటీమీటర్ల మందం, 4.5 సెంటీమీటర్ల వెడల్పుగల కుర్చీకాలు నిలువునా దాదాపు 8 టన్నులు మోయాలి. కనుక బరువువల్ల కుర్చీకాలు నలిగిపోవడమనేది ఉండదు. కుర్చీలు పాడయ్యేది అతుకుల వద్ద, నార తెగినచోట. చేతిపట్టెకు వంపు కావాలని ఒకే వెడల్పు పలకనుంచి అర్ధచంద్రాకారంగా కోస్తే, వంపు చివరలలో నార పొడవుగా సాగక అడ్డంగా తెగిపోతుంది. అక్కడ చిన్న దెబ్బ తగిలినా పట్టె విరుగుతుంది. వెగ్నర్ తన 1949 నాటి కుర్చీకి వీపు, చేతులు కలిసిన వంపు పట్టెను ఒకే ముక్కగా కోయించలేదు. మూడు ముక్కలను వాటి నార వంపును అనుసరించేటట్లు అమర్చి అతికించాడు. ఇంటిలో మొదటిసారి చేసేవారు వంపులు మానుకొని, చేతిపట్టెలను తిన్నగానే ఉంచి, అంచులను మాత్రం గుండ్రంగా చిత్రిక పట్టడం మేలు.

తేమతో కొయ్య ఆడే ఆట

కుర్చీ అతుకులు వదులయ్యే కారణాన్ని తెలుసుకోవాలంటే కొయ్యలోని తేమను పరిశీలించాలి. కోసిన తరువాత కూడా కొయ్య గాలిలోని ఆవిరిని పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. నీరు కణాల గోడలలో చేరినపుడు గోడలు ఉబ్బుతాయి, పోయినపుడు కుంచించుకొంటాయి. పోగులు నిలువుగా ఉండడంచేత ఈ ఉబ్బు పొడవున దాదాపు కనిపించదు, వెడల్పున స్పష్టంగా కనిపిస్తుంది.

గోదావరిఖనిలో మే నెల మధ్యాహ్నం ఎండ 45 డిగ్రీలను దాటే రోజులుంటాయి. అప్పుడు గాలిలో సాపేక్ష ఆర్ద్రత 25 శాతానికి పడిపోతే, ఆ గాలిలో ఎక్కువకాలం ఉన్న కొయ్యలో తేమ 5 శాతం ప్రాంతంలో నిలుస్తుంది. వానాకాలంలో ఆర్ద్రత 85 శాతంగా కొనసాగితే తేమ 17 శాతం వరకు పెరగగలదు. మందమైన కొయ్య నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి అంత మార్పు లోపలివరకు చేరదు. మార్పు 5 శాతమే అనుకొందాం. 10 సెంటీమీటర్ల వెడల్పుగల టేకు పలక ఆ మార్పుకే సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు మాత్రం మిల్లీమీటరులో నాలుగవ వంతు కూడా మారదు. ఇతర కొయ్యలతో పోల్చినపుడు టేకు ఈ విషయంలో చాలా నెమ్మదైనది. దానికి గౌరవం కలగడానికి ఇదొక ముఖ్య కారణం.

పాఠశాల ప్రయోగశాలలో తేమను కొలవడం సులభం. చిన్న ముక్కను తూచి, 103 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల ఓవెనులో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్ళీ తూచాలి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి నూరుచేత గుణిస్తే తేమ శాతం వస్తుంది. 56 గ్రాముల ముక్క 50 గ్రాములకు దిగితే తేమ 12 శాతం. కుర్చీ పని ప్రారంభించడానికి 10 నుంచి 12 శాతం తేమ అనుకూలమైనది. అంటే ఏడాదిలోని రెండు కొసలకు మధ్యస్థంగా ఉండే స్థితి. కోసిన పలకలను నేలకు ఎత్తుగా, నడుమ బద్దలు పెట్టి, నీడలో పేర్చి ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైభాగం ముందుగా ఆరి నెరియలిస్తుంది. వేసవిలో నీటి కూలరు నడిచే గదిలో గాలి బయటి గాలికంటె ఎంతో తేమగా ఉంటుందనికూడా గుర్తుంచుకోవాలి. కుర్చీని కూలరు ఎదుట ఉంచడమంటే రోజుకొకసారి వానాకాలాన్ని, ఎండాకాలాన్ని చూపించడమే.

కుసి, బెజ్జం

ఒక కొయ్య చివరను నాలుకవలె సన్నగా చెక్కి, దానిని మరొక కొయ్యలో తొలిచిన బెజ్జంలో బిగించడం వడ్రంగంలో ప్రాచీనమైన అతుకు. ఆ నాలుకను కుసి అంటారు. కాలు నార నిలువుగాను, పట్టె నార అడ్డంగాను ఉంటాయి. వానాకాలంలో కుసి వెడల్పు ఉబ్బుతుంది. కాని అదే దిశలో బెజ్జం పొడవు కాలు నారవెంట ఉన్నందువల్ల మారదు. చోటు చాలక కుసిలోని కణాలు నలిగిపోతాయి. వేసవి వచ్చేసరికి కుసి కుంచించుకొంటుంది. నలిగిన కణాలు మాత్రం మళ్ళీ పూర్వరూపం పొందవు. ఫలితంగా కుసి మొదట ఉన్నదానికంటె చిన్నదవుతుంది. వేసవిలో కుర్చీ కిర్రుమనడానికి ఇదే రహస్యం. ఆ శబ్దం వేసవిలో వినిపించినా, దానికి బీజం పడింది వానాకాలంలో.

కుసి వెడల్పు ఎంత ఎక్కువైతే ఈ నష్టం అంత ఎక్కువ. అట్లాగని కుసిని మరీ చిన్నది చేయరాదు. ఒక వ్యక్తి ఆసనానికి 40 సెంటీమీటర్ల పైన 20 కిలోల బలంతో వీపును వెనుకకు నెట్టాడనుకొందాం. అతుకు వద్ద బలభ్రామకం 800 కిలో-సెంటీమీటర్లు. రెండు పక్కలకు పంచితే ఒక్కొక్క అతుకుకు 400. కుసి పై అంచు, కింది అంచు కలిసి ఒక బలయుగ్మంగా దీనిని ఎదిరించాలి. వాటి నడుమ దూరం 4 సెంటీమీటర్లయితే ఒక్కొక్క అంచుమీద 100 కిలోల బలం పడుతుంది. దూరం తగ్గినకొద్దీ బలం పెరుగుతుంది.

ఒకవైపు వెడల్పు కుసి కావాలి, మరొకవైపు వెడల్పు కుసి కూడదు. ఈ చిక్కును డెన్మార్కు కుర్చీ తన చేతిపట్టెతో విడదీసింది. చేతిపట్టె ముందుకాలికి, వెనుకకాలికి పైకొసలలో బిగిసి, ఆసనపు పట్టెకు సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తున రెండవ పట్టెగా పనిచేస్తుంది. వీపు చట్రం కింద ఆసనానికి, పైన చేతిపట్టెలకు ఆనుతుంది. అప్పుడు ఆ 400 కిలో-సెంటీమీటర్ల భ్రామకానికి ఎదురు నిలిచే దూరం 4 నుంచి 20కి పెరుగుతుంది. బలం 100 కిలోలనుంచి 20కి దిగుతుంది. చూపరులకు అలంకారంగా కనిపించే చేతిపట్టె నిజానికి కుర్చీకి వెన్నెముక. దీనివల్ల 5 సెంటీమీటర్ల కుసి చాలును, తేమవల్ల నష్టమూ తక్కువే.

టేకు విషయంలో మరి రెండు జాగ్రత్తలున్నవి. చెదలను దూరంగా ఉంచే సహజ తైలమే జిగురును కూడా సరిగా అంటనివ్వదు. కనుక కుసిని చెక్కిన వెంటనే స్పిరిటుతో తుడిచి, తడి ఆరగానే తెల్ల జిగురు పూసి బిగించి ఒక రోజు కదల్చకుండా ఉంచాలి. ఇక టేకులో ఇసుక జాతికి చెందిన సిలికా ఉంటుంది. దానివల్ల ఉలి, చిత్రిక త్వరగా మొద్దుబారుతాయి. మాటిమాటికి సానపట్టుకోవాలి. రుద్దేటప్పుడు లేచే పొడి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

కొలతలు

కోరె క్లింట్ బోధించినట్లు, మొదట కొలవవలసింది కూర్చొనేవారిని. పాదం నేలను ఆనించి కూర్చొన్నపుడు మోకాలి వెనుక వంపు నేలకు ఎంత ఎత్తున ఉందో అది మొదటి కొలత. మెత్త అణగిన తరువాత ఆసనపు ముందంచు ఆ కొలతకు రెండు, మూడు సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి. ఎక్కువైతే అంచు తొడ కింద నొక్కి కాలు తిమ్మిరెక్కుతుంది. తుంటినుంచి మోకాలి వంపు వరకు గల దూరం రెండవ కొలత. ఆసనపు లోతు దానికంటె నాలుగైదు సెంటీమీటర్లు తగ్గాలి.

సాధారణంగా పెద్దవారికి ముందంచు ఎత్తు 39, లోతు 50, చేతుల నడుమ వెడల్పు 54 సెంటీమీటర్లు సరిపోతాయి. ఆసనం వెనుకకు 7 డిగ్రీలు వాలాలి. 50 సెంటీమీటర్ల లోతుకు ఆ వాలు 6 సెంటీమీటర్లు. వీపుకు, ఆసనానికి మధ్య కోణం 105 నుంచి 110 డిగ్రీలు. ఈ వాలువల్ల శరీరపు బరువులో కొంత వీపు చట్రంమీదకు పోయి, నడుముపై పడే భారం తగ్గుతుంది. ఎనిమిది గంటలు గనిలో వంగి, మోసి ఇంటికి వచ్చిన కార్మికుని నడుముకు ఇది ప్రయోజనంలేని వివరం కాదు.

కావలసిన కొయ్య ముక్కలివి. ముందుకాళ్ళు రెండు, వెనుకకాళ్ళు రెండు, మందం 3.5, వెడల్పు 4.5, పొడవులు 56, 52 సెంటీమీటర్లు. పక్క పట్టెలు రెండు, 3 × 6 × 62. ముందు, వెనుక పట్టెలు రెండు, 2.5 × 6 × 60. చేతిపట్టెలు రెండు, 2.5 × 8 × 70. వీపు చట్రానికి నిలువు కమ్ములు రెండు, 2.5 × 4 × 72. అడ్డబద్దలు అయిదు, 1.2 × 5 × 54. మొత్తం సుమారు 13,300 ఘన సెంటీమీటర్లు, అంటే అర ఘనపుటడుగుకు కొంచెం తక్కువ. కోతలో, చిత్రికలో పోయేది కలుపుకొని ముప్పాతిక ఘనపుటడుగు కొంటే చాలు. ఘన సెంటీమీటరుకు 0.65 గ్రాముల చొప్పున ఈ కొయ్య తూగేది ఎనిమిదిన్నర కిలోలు.

నవారు పటిమ

వెగ్నర్ చేసిన మరొక ప్రసిద్ధమైన కుర్చీ ఆసనాన్ని సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో అల్లుతారు. నులక మంచం ఎరిగినవారికి అది వింతగా తోచదు. వాలు కుర్చీలో మెత్త కింద రబ్బరు పట్టీలుగాని, నూలు నవారుగాని ఒక పక్క పట్టెనుంచి మరొక పక్క పట్టెకు బిగించవచ్చు. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు.

ఆరు నవారు పట్టీలు 60 కిలోల బరువును మోస్తున్నాయనుకొందాం. ఒక్కొక్కదానికి 10 కిలోలు. 54 సెంటీమీటర్ల పట్టీ మధ్యలో 5 సెంటీమీటర్లు దిగితే, సమాంతర చతుర్భుజ నియమం ప్రకారం పట్టీలోని తన్యత సుమారు 27 కిలోలు. ఆరు పట్టీలూ కలిసి పక్క పట్టెను దాదాపు 160 కిలోల బలంతో లోపలికి లాగుతాయి. పట్టీ బిగువై రెండున్నర సెంటీమీటర్లే దిగితే ఆ లాగుడు ఇంచుమించు రెట్టింపవుతుంది. పాత నవారు మంచాల పట్టెలు లోపలికి వంగి కనిపించేది ఇందువల్లనే. అందుచేతనే పక్క పట్టెకు 3 సెంటీమీటర్ల మందం పెట్టాలి. పట్టె వంగకుండా నిలిచే గుణం మందం యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 2 సెంటీమీటర్లకు బదులు 3 పెడితే ఆ గుణం మూడు రెట్లకు మించుతుంది.

మెత్తకు 10 సెంటీమీటర్ల మందంగల గట్టి నురుగు రబ్బరు, లేదా దూది, కొబ్బరి పీచు వాడవచ్చు. మెత్త చేసే పని సూటిగా చెప్పాలంటే వైశాల్యాన్ని పెంచడం. గట్టి పలకమీద బరువంతా తుంటి ఎముకల కింద కొద్దిచోట పడుతుంది. మెత్తమీద అదే బరువు అనేక రెట్లు విశాలమైన చోటుకు వ్యాపించి పీడనం తగ్గుతుంది. పైగుడ్డకు చేనేత నూలు ఎంతో అనువైనది. వరంగల్లు జంపఖానాల వంటి దట్టమైన నేత రాపిడికి ఓర్చుకొంటుంది, చెమటను పీల్చుకొంటుంది.

నూనెగుడ్డతో జాగ్రత్త

చివరగా కొయ్యను గరుకు కాగితంతో నారవెంట రుద్ది, కాచిన అవిసె నూనెను గుడ్డతో పలుచగా పట్టించాలి. ఈ నూనె నీటివలె ఆవిరై ఆరదు. గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడుతుంది. ఆ ఆక్సీకరణంలో వేడి పుడుతుంది. పలుచగా పరచినపుడు వేడి గాలిలో కలిసిపోతుంది. నూనెగుడ్డను ఉండచుట్టి మూలన పడవేస్తే వేడి లోపలనే చేరి, కొన్ని గంటలకు గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. ఎత్తుగా పోసిన బొగ్గుకుప్ప ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకోవడం గోదావరిఖనివారు ఎరిగిన విషయమే. రెండింటికీ కారణం ఒక్కటే. కనుక వాడిన గుడ్డలను ఆరుబయట విప్పి ఆరవేయాలి, లేదా నీటిలో తడిపి పారవేయాలి.

ఈ నూనెపూత తేమను పూర్తిగా ఆపలేదు, దాని రాకపోకలను కొంత ఆలస్యం చేస్తుంది. ఏడాదికొకసారి వానలకు ముందు పలుచగా మళ్ళీ పట్టిస్తే సరిపోతుంది. అప్పుడే అతుకులను చేతితో కదిపి చూడాలి. వదులు కనిపిస్తే, మేకు దిగగొట్టక, అతుకు విప్పి పాత జిగురు గీకి మళ్ళీ అతికించాలి. మేకు నారను చీల్చుతుంది. ఆ చీలిక నారవెంట పాకుతూ పోయి, మరమ్మతుకు వీలున్న అతుకును వీలులేనిదిగా చేస్తుంది.

అడవిలో టేకు చెట్టు మంచి కలపగా ముదరడానికి 50, 60 సంవత్సరాలు పడుతుంది. ఆ కొయ్యతో చేసిన వస్తువు కనీసం అంతకాలమైనా నిలిస్తే, అది అరిగేలోగా మరొక చెట్టు దాని స్థానంలో ఎదిగివస్తుంది. మూడేళ్ళలో అటకెక్కే కుర్చీ ఆ లెక్కను తప్పిస్తుంది. నార దిశను చూసి కోయడం, తేమను కొలిచి పని మొదలుపెట్టడం, అతుకును విప్పగలిగేటట్లు బిగించడం: ఈ మూడూ పాటించినవాడు ఒక కుర్చీతో పాటు ఒక చెట్టునుకూడా నిలిపినవాడవుతాడు.